ఎటు పోయినా కత్తెర కనుమే

నల్లకొండ కింద ఒక ఇటుకబట్టీ ఉంది. వానలు మొహం చాటేసిన ఏడాది యజమాని బట్టీ ఆర్పేసి, కూలోళ్ళను లారీ ఎక్కించి పంపేశాడు. లారీలో జంతువులకు చోటు లేదన్నాడు. అలా నలుగురు మిగిలిపోయారు. ఇటుకలు మోసి మోసి వీపు అరిగిన గాడిద సుంకన్న, నోరు ఊరుకోని మేక పుల్లమ్మ, జాతరకని పెంచితే ఆ జాతరే జరగక బతికిపోయిన పొట్టేలు మద్దిలేటి, ఎవరి చేతికీ చిక్కని పుంజు కాశన్న. దిక్కులేనివాళ్ళే గానీ తిండిలేనివాళ్ళు కారు. మట్టి తవ్విన గుంటలో నీళ్ళున్నాయి. చుట్టూ సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుపోయింది. దాని కాయలే వాళ్ళకు కూడు, దాని ముళ్ళే కాపలా. ఇంక బయటికి రావాల్సిన పనేముంది?

వాళ్ళు బయటికి రాకపోవడం నక్క ఓబులేసు ప్రాణం మీదికి వచ్చింది.

కొండ మీద ఒక చిరుత ఉండేవాడు. ఉచ్చులో పడి ముందరికాలు నుజ్జయింది, పరుగెత్తలేడు. రెండు బండల మధ్య ఒక్కరు మాత్రమే పట్టే ఇరుకు దారి ఒకటుంది, కత్తెర కనుమ అంటారు. పై బండ మీద పడుకుని, కింద నడిచేవాళ్ళ మీద పడడం ఒక్కటే అతనికి మిగిలిన వేట. కరువులో ఆ దారిన పోయేవాళ్ళే కరువయ్యారు. చివరికి ఒక మధ్యాహ్నం, ఎంగిలి ఎముక కోసం వచ్చిన ఓబులేసు మెడ మీద మంచికాలు పెట్టాడు.

"నువ్వు నాకు ఒక పూటకు చాలవు. ఆ బట్టీలో వాళ్ళను ఈ కనుమలోకి తీసుకురా. అమావాస్య దాటిందో, చాలకపోయినా నిన్నే తింటా."

"తీసుకొస్తా దొరా," అన్నాడు ఓబులేసు. మెడ మీద అంత బరువున్నప్పుడు ఇంకో మాట ఎవరికీ రాదు. వదిలాక పారిపోదామన్నా, ఆ కరువులో చిరుత ఎంగిలి తప్ప అతనికి వేరే కూడు లేదు.

ఓబులేసుకు నోరు తప్ప వేరే ఆస్తి లేదు. దారంతా ఆలోచించాడు. భయపెడితే వాళ్ళు ముళ్ళకంచె లోపలే ఇంకాస్త ముడుచుకుంటారు. కనుమ అవతల పచ్చగడ్డి ఉందని చెబితే, నువ్వే పోయి మెయ్యప్పా అంటారు. వాళ్ళంతట వాళ్ళకే నడవాలనిపించాలి. బట్టీ కూలోళ్ళు సాయంత్రం పూట చింతపిక్కలు వేసి ఆడుకోవడం అతను కంచె సందులోంచి చాలాసార్లు చూశాడు. పిక్కల్ని రెండుగా చీల్చి, లోపలి వైపు తెల్లగా అరగదీసి, అయిదు బద్దలు నోట పట్టుకుని బట్టీలోకి దూరాడు.

వాళ్ళకూ పొద్దు పోవడం లేదు. కాశన్న మాత్రం గోడెక్కి కూర్చుని, "యాడికొస్తాండావు, నక్కోడా?" అని కేక వేశాడు.

"ఆడుకోవడానికొచ్చినా తమ్ముడూ. కథాట. నేను కథ నడుపుతా, మీరు దాంట్లో నడుస్తారు," అని ఓబులేసు ఒక పచ్చి ఇటుకను బల్లలా పరిచి, దాని మీద నాలుగు గులకరాళ్ళు పెట్టాడు. "ఇవి మీరు. ఏం చేస్తారో చెప్పండి. అవుతుందో కాదో పిక్కలు తేలుస్తాయి. తెల్లవి ఎక్కువ పడితే అయినట్టు, నల్లవి ఎక్కువైతే చెడినట్టు."

"అంటే కూర్చున్నచోటే నడవడమా? ఇది నాకు పనికొస్తుంది," అన్నాడు సుంకన్న.

వేషాలు పంచుకున్నారు. ఏ బరువూ మొయ్యనక్కర్లేని రాజు వేషం సుంకన్న తీసుకున్నాడు. పుల్లమ్మ మంత్రాలమ్మ అయింది. కాశన్న దొంగనవుతానన్నాడు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. మద్దిలేటి మాత్రం, "నువ్వేది ఇస్తే అదే అన్నా," అన్నాడు. ఓబులేసు అతనికి వీరుడి వేషం ఇచ్చాడు.

కథ చిన్నది. రాజ్యం ఆకలితో చస్తోంది. కత్తెర కనుమ దాటితే పచ్చికబయలు ఉంది. రాజూ అతని మనుషులూ పోయి దాన్ని గెలవాలి. ఆటలో ఒకసారి గెలిచారంటే ఆ గడ్డి రుచి నాలుకకు పడుతుంది. అప్పుడు, ఆ బయలు నిజంగానే ఉందర్రా అంటే చాలు. రెండు మూడు సాయంత్రాల పని అనుకున్నాడు ఓబులేసు.

కథ దారిలో ఒక గుడిసె పెట్టాడు. గుడిసెలో ఒక ముసలి కుందేలు. కనుమకు దారి చూపించడం తప్ప దానికి ఇంకో పని లేదు.

"ఆమె పేరేంది?" అంది పుల్లమ్మ.

ఓబులేసు దగ్గర పేరు లేదు. "తిమ్మక్క," అనేశాడు నోటికొచ్చినట్టు.

"ఒక్కతే ఉంటాదా? బిడ్డలు లేరా? అయ్యో, ఈ వయసులో నీళ్ళెవరు తెచ్చిస్తారు?"

ఆ సాయంత్రమంతా తిమ్మక్కకు నీళ్ళు మొయ్యడంతోనే గడిచింది. పొద్దుగూకే వేళకు కాశన్న పిక్కలు వేసి, అన్నీ తెల్లవే పడితే, తిమ్మక్క రాగిచెంబు దొంగిలించాడు. మర్నాడు రాజు పంచాయితీ పెట్టాడు.

"రాజ్యం ఆకలితో చస్తాంది రాజా!" అని మొత్తుకున్నాడు ఓబులేసు.

"చావనీలే. ముందు చెంబు సంగతి తేలాల," అన్నాడు సుంకన్న. జన్మలో తీర్పు చెప్పే యోగం పట్టనివాడు, దొరికిన అవకాశాన్ని ఊరికే వదులుతాడా?

మద్దిలేటి ఒక్కడే పాపం, "ఓబులేసన్న చెప్పినట్టు కనుమకు పోదాంలేప్పా," అనేవాడు. అతని మాట ఎవరూ వినలేదు.

చిరుత దగ్గర లెక్క చెప్పుకోవడం ఇంకో నరకం.

"యాడిదాకా వచ్చింది?"

"ఇంకా తిమ్మక్క ఇంట్లోనే ఉన్నారు దొరా."

"ఎవరా తిమ్మక్క? లావుగా ఉంటుందా?"

"లేనే లేదు దొరా. నేనే పుట్టించినా."

"అయితే చంపెయ్."

"చంపితే దినాలు చేస్తామని కూర్చుంటారు దొరా. వాళ్ళ సంగతి మీకు తెలీదు."

చిరుత నవ్వలేదు. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. "నాకు కథ వద్దు. రేపు ఒకణ్ణన్నా పట్టుకురా. లేదంటే అమావాస్య దాకా ఆగను," అన్నాడు.

ఒకణ్ణి అనగానే ఎవరో ఓబులేసుకు వెంటనే తెలిసింది. మాట వినేవాడు ఒక్కడే ఉన్నాడు మరి.

మర్నాడు పొద్దున మద్దిలేటిని పక్కకు పిలిచాడు. "కనుమ నిజంగానే ఉంది మద్దిలేటీ. వీరుడన్నవాడు ముందు పోయి దారి చూసి రావాల. వాళ్ళకు చెప్పొద్దు. పేరంతా నీకే."

మద్దిలేటి కొమ్ములు ఎత్తుకుని వెంట నడిచాడు. సగం దారిలో సిగ్గుపడుతూ అడిగాడు. "అన్నా, నేను బాగా ఆడతాండానా?"

"అందరికంటే బాగా," అన్నాడు ఓబులేసు. అది నిజమే.

కనుమ మొదట్లో ఆగి, "తల ఎత్తకుండా నేరుగా పో," అన్నాడు. మద్దిలేటి తల ఎత్తలేదు. నేరుగా పోయాడు. ఓబులేసు చెవులు వెనక్కి మడుచుకుని గబగబా కొండ దిగాడు. ఒకసారి వెనక్కి తిరగబోయాడు. అమావాస్య గుర్తొచ్చి ఆగలేదు.

బట్టీలో ముగ్గురూ ఎదురుచూస్తున్నారు.

"మద్దిలేటి యాడ?" అంది పుల్లమ్మ.

"మన ఆటలో బయలు ఊరికే చెప్పింది కాదక్కా, నిజంగానే ఉంది. పొద్దున చూపించినా. మేస్తా మేస్తా తల ఎత్తడం లేదు. ఇప్పుడే రానన్నాడు."

"ఒక్కడే మేస్తాండాడా?"

"ఒక్కడే."

పుల్లమ్మ కాయ నమలడం మానేసి నిలబడింది. గుంపు కనిపించకపోతే నీళ్ళు కూడా తాగని పొట్టేలు అది. "మంచిది. రా, ఆడదాం," అని ఇటుక ముందు కూర్చుంది.

ఆ సాయంత్రం పుల్లమ్మ ఆడిన తీరే వేరు. తిమ్మక్క ఊసెత్తలేదు. "తూర్పుకు పోతాం," అంది.

"తూర్పున వాగు పొంగింది. పిక్కలు వెయ్యి." నల్లవి పడ్డాయి. "కొట్టుకొచ్చి కనుమ దగ్గర తేలారు," అన్నాడు ఓబులేసు.

"కనుమ వద్దు. పడమరకు పోతాం."

"పడమర అడవి అంటుకుంది. వెయ్యి." ఈసారి తెల్లవే పడ్డాయి. "బతికారు. బతికి, పొగలో దారి తప్పి కనుమ దగ్గరకే వచ్చారు."

"తెల్లవి పడినా అక్కడికేనా?" అన్నాడు కాశన్న గోడ మీది నుంచి.

"కథ అట్లుంది తమ్ముడూ."

"యాడికీ పోము. ఇంట్లోనే ఉంటాం," అంది పుల్లమ్మ.

"ఇంటి కప్పు కూలింది. తలదాచుకోను ఒక్క కనుమే ఉంది."

పుల్లమ్మ సుంకన్న వైపు చూసింది. సుంకన్న నేల చూపులు చూశాడు. "అయితే కనుమలోకే పోతాం. పిక్కలు వేస్తా ఉండు," అంది ఆమె.

"అక్కర్లేదక్కా! అక్కడ ఏ అడ్డూ లేదు, హాయిగా దాటేశారు. ఇదిగో పచ్చిక, మోకాళ్ళదాకా," అన్నాడు ఓబులేసు. ఇన్నాళ్ళకు కథ దారిన పడిందని గులకరాళ్ళన్నీ ఒక్కసారే ఇటుక అవతలి అంచుకు జరిపాడు.

"మద్దిలేటి కూడా అక్కడే ఉన్నాడు గదా. రేపు పొద్దున నిజంగానే పోదాం," అంది పుల్లమ్మ. "ఒక్క మాట. దారి తెలిసినోడే ముందు నడవాల."

"నేనే ముందుంటానక్కా. కథ నడిపేవాణ్ణి నేను గదా."

ఓబులేసు ఇది ముందే అనుకున్నాడు. చీకటి పడేలోపు చిరుత దగ్గరకు పరుగెత్తాడు. "దొరా, ముందు వచ్చేది నేను. నన్ను పోనిచ్చి, నా వెనక వచ్చే రెండోవాడి మీద దూకండి. గాడిద. పది రోజులు తినొచ్చు." ఎన్నాళ్ళ ఆకలో ఒక్క పొట్టేలుతో తీరలేదు, చిరుత సరేనన్నాడు. ఓబులేసు ఎన్నో రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

పొద్దున బయల్దేరారు. ముందు ఓబులేసు, వెనక సుంకన్న, సుంకన్న వీపు మీద కాశన్న, ఆఖరున పుల్లమ్మ. దారిలో తుమ్మకొమ్మకు తెల్లని ఉన్ని పట్టుకుని ఉంది. ముగ్గురూ దాన్ని చూసి ముందుకు నడిచారు. ఓబులేసు కబుర్లు చెప్పుకుంటూ కనుమలోకి దూరాడు. పై బండ మీద మచ్చల చర్మం కదలడం ఓరకంట చూసి, అడుగు వేగం పెంచి, దాని కింద నుంచి దాటిపోయాడు. వెనక గిట్టల చప్పుడు కోసం చెవి పెట్టాడు.

చప్పుడు లేదు.

తిరిగి చూశాడు. కనుమ మొదట్లో సుంకన్న అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఇరుకు దారికి అతని వెనకభాగం తలుపులా సరిపోయింది.

"రా మామా, ఆగినావేంది? బయలు ఇక్కడే!"

"నువ్వు పో ఓబులేసూ, మేము రాము," అంది పుల్లమ్మ, సుంకన్న అవతలి నుంచి. "తూర్పుకు పోతామంటే వాగు పొంగించినావు. పడమరకు పోతామంటే అడవి కాల్చినావు. ఇంట్లో ఉంటామంటే కప్పు కూల్చినావు. కనుమ దగ్గర మాత్రం పిక్కలు కూడా వెయ్యనీలేదు. ఆ పూటే తెలిసింది, మా మద్దిలేటి ఏమైనాడో. రాత్రే ముగ్గురమూ మాట్లాడుకున్నాం."

సుంకన్నను ఎలాగైనా లోపలికి లాక్కురావాలని ఓబులేసు ఒక్క ఉదుటున వెనక్కి ఉరికాడు. సుంకన్న వెనకకాళ్ళు రెండూ లేచాయి. ఓబులేసు దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా ఆ బండ కిందే పడ్డాడు. పక్కటెముకలు విరిగినట్టున్నాయి, ఊపిరి అందడం లేదు. అయినా నోరు పని చేస్తూనే ఉంది.

"ఆగండి దొరా, ఏం పర్లేదు. కథ కాస్త పక్కకు పోయింది, అంతే. నేను మళ్ళీ దారిన పెడతా. బట్టీకి నిప్పు పెడితే వాళ్ళు తప్పకుండా..."

చిరుత బండ మీది నుంచి తల దించి చూశాడు.

"రెండోవాడి మీద గదా దొరా మీరు దూకాల్సింది!"

"రెండోవాడు లేడు," అన్నాడు చిరుత. "నీ కథ బాగుంది ఓబులేసూ. నాకు ఆకలేస్తాంది."

కనుమ బయట ముగ్గురూ ఆ చప్పుడు ఆగేదాకా నిలబడ్డారు. ఎవరికీ సంతోషం కలగలేదు. చిరుత ఇంకా కొండ మీదే ఉన్నాడు. మద్దిలేటి ఇంక రాడు. దారిలో తిరిగి వస్తుంటే పుల్లమ్మ ఒకచోట ఆగి, అరుపు కాని అరుపుతో చాలాసేపు ఏడ్చింది. తిమ్మక్క పిల్లల సంగతి అన్నిసార్లు అడిగినదాన్ని, పక్కనున్న మద్దిలేటిని నువ్వేం చేద్దామనుకుంటున్నావని ఒక్కసారీ అడగలేదు కదా అని ఆమె బాధ. సుంకన్న ఆమె పక్కనే నిలబడ్డాడు.

అందుకే చెబుతున్నా, ఎటు నడిచినా ఒక్కచోటికే చేర్చే కథ వింటున్నామంటే, ఎవరో మనల్ని మందలా తోలుతున్నారని అర్థం.