గవర్రాజుకు తెలియని కబురు

ఏటిగట్టు అడవిలో పిల్లల చట్టం మూడే మూడు ముక్కలు. పసిదానికి హాని జరుగుతోందని అనుమానం వస్తే చాలు, వెంటనే చెప్పాలి. తెలిసీ చెప్పనివాడికి శిక్ష తప్పదు. పసిదాన్ని, కొట్టినవాడి ఎదుట నిలబెట్టి అడగకూడదు. ఏటా తొలకరికి ఏనుగు పెద్దమ్మ ఐరావతమ్మ ఈ మూడూ అందరికీ వినిపించి అవతలి కొండకు వెళ్ళేది. ఆవిడ అటు తిరగ్గానే, ఫిర్యాదులు తీసుకునే నక్క గవర్రాజు ఆ మూడు ముక్కల మీద ముప్ఫై పద్ధతులు పేర్చాడు. వాటిని దాటుకుని ఒక్క ఫిర్యాదూ ఆవిడ దాకా వెళ్ళలేదు. అడవి ప్రశాంతంగా ఉందని గవర్రాజుకు మంచి పేరొచ్చింది.

గేదె వరాలమ్మకు ఈ పద్ధతులతో ఎన్నడూ పని పడలేదు. ఆమెకు తెలిసిందల్లా మేయడం, నెమరెయ్యడం, మడుగులో పడుకోవడం. ఓ మధ్యాహ్నం ఆమె మడుగులో ఉండగా జింకపిల్ల చుక్కి కుంటుకుంటూ వచ్చి ఆమె వెనక దాక్కుంది. చెవి చిరిగి ఉంది. వీపు మీద గోళ్ళ గాట్లు ఉన్నాయి.

"ఏమైందే తల్లీ?"

"పడ్డాను."

"పడితే గోళ్ళ గాట్లు పడతాయటే?"

చుక్కి గొంతు తగ్గించింది. "నేను చెప్పానని భూషణం మామయ్యకు తెలియనివ్వకత్తా. చెబితే రేపు రెండో చెవి కూడా చింపేస్తానన్నాడు."

భూషణం అంటే ఎలుగుబంటి. తల్లులు మేతకు పోతే పిల్లల్ని తన గుహలో ఉంచుకుని చూస్తాడు. అడవి మొత్తం ఆయనకు దణ్ణాలు పెడుతుంది. వరాలమ్మ వెంటనే మడుగులోంచి లేచింది. చుక్కి తల్లి దగ్గరికి పోతే, "పిల్లలన్నాక పడతారు వదినా. ఆ గుహ కూడా లేకపోతే నేను మేతకెలా పోను?" అని మొహం తిప్పుకుంది. పొద్దున్నే చుక్కి మళ్ళీ ఆ గుహకే పోవాలి.

వరాలమ్మ తిన్నగా గవర్రాజు ఉండే పాత చెక్‌పోస్టు గుడిసెకు వెళ్ళింది. నక్క తేనెపట్టు నాకుతోంది. ఆ తేనె ఎవరిచ్చారో అడగక్కర్లేదు, అడవిలో పట్టు తియ్యగలిగేది భూషణం ఒక్కడే.

సంగతంతా విని గవర్రాజు మూతి తుడుచుకున్నాడు. "ఏదో కొత్త కబురు మోసుకొచ్చినట్టు చెబుతున్నావే! నాకిది పోయిన వానలప్పుడే తెలుసు. సరే, పద్ధతి ప్రకారం అడుగుతాను. నువ్వు దాని తల్లివా?"

"కాదు బాబూ."

"కొడుతుంటే కళ్ళారా చూశావా?"

"గాట్లు చూశాను."

"ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టుంది నీ వరస. పిల్లను తీసుకురా. భూషణంగారి ఎదుట నిలబెట్టి నాలుగుసార్లు అడిగిద్దాం. నాలుగుసార్లూ ఒకటే చెబితే అప్పుడు ఆలోచిద్దాం."

"ఆయన ఎదుట అది నోరెత్తుతుందా?"

"ఎత్తకపోతే ఏమీ జరగలేదన్నమాట! అడవి అంతటిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఎల్లుండి కనపడు. రేపు పొద్దున్నే తొలకరికి పెద్దమ్మ వస్తోంది, ఇలాంటి వాటికి నాకు తీరికుండదు."

వరాలమ్మ తల ఊపుకుంటూ వెళ్ళిపోయింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అనుకుని గవర్రాజు మళ్ళీ తేనె అందుకున్నాడు. కానీ గేదె ఏది విన్నా రెండోసారి నమిలి గాని మింగదు. నక్కతో చెప్పానంటే, చెప్పలేదంటాడు. ఎవరి మాట నమ్ముతారు? తెలుసన్న మాట అతగాడి నోటే రావాలి. అది రప్పించడం ఎంతసేపు!

తెల్లారేసరికి ఐరావతమ్మ ఏటి ఒడ్డుకు వచ్చింది. జంతువులన్నీ పిల్లల్తో సహా చేరాయి. గవర్రాజు ముందుకొచ్చి, "ఈ ఏడు ఒక్క ఫిర్యాదూ లేదు పెద్దమ్మా" అన్నాడు. భూషణం వినయంగా తల వంచాడు.

వరాలమ్మ నీళ్ళలోంచి లేచింది. "పెద్దమ్మా, ఒక కబురుంది. భూషణం గుహలో పిల్లలకు దెబ్బలు తగులుతున్నాయి. పాపం, గవర్రాజుగారిని అనడానికి లేదు. ఈ అడవిలో ఆయనకు తెలియని సంగతంటూ ఉంటే ఇదొక్కటే."

ఆ మాటకు కోతులు కిసుక్కున నవ్వాయి. గవర్రాజు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"నాకు తెలియదా? ఈ బురదగేదెకు తెలిసింది నాకు తెలియదా? చుక్కి కాలు పోయిన వానలప్పుడే వాచింది. నిన్న చెవి చిరిగింది. అంతెందుకు, కుందేలుపిల్ల ముందుకాలు విరిగింది కూడా పడి కాదు! ఆ సంగతి తెలుసా నీకు?"

కుందేలు తల్లి ఒక్కసారి గొల్లుమంది. అది వరాలమ్మకు నిజంగానే తెలియదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోయిన వానలప్పటి నుంచీ తెలుసా?" ఐరావతమ్మ నెమ్మదిగా అడిగింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

గవర్రాజు తోక ముడుచుకుంది. "అదీ... వట్టి అనుమానమే పెద్దమ్మా. రుజువు లేదు కదా..."

"రుజువు వెతకడం నా పని. చెప్పడం నీ పని."

భూషణం మెల్లగా పొదల వైపు జరిగాడు. రెండు అడవిదున్నలు అడ్డం నిలబడ్డాయి. విచారణ తేలేదాకా అతను పిల్లల దరిదాపుల్లోకి రాకూడదని ఐరావతమ్మ చెప్పింది. ఆ తర్వాత చుక్కిని అందరిలో నిలబెట్టలేదు. ముసలి జింక అవ్వ దాన్ని పచ్చిక బయలులోకి తీసుకెళ్ళి, తల్లిని పక్కన కూర్చోబెట్టి, ఒక్కసారే అడిగింది. చుక్కి గడ్డి కొరుకుతూనే అంతా చెప్పింది. తల్లి దాని చెవి నాకుతూ, "నాకెందుకు చెప్పలేదే" అంది. "చెప్పానమ్మా" అంది చుక్కి.

సాయంత్రానికి భూషణానికి అడవిలో చోటు లేకుండా పోయింది. గవర్రాజును చెక్‌పోస్టు నుంచి ఈడ్చుకొచ్చారు. అతనింకా పద్ధతి వదల్లేదు. "ఆగండి! నా మీద ఫిర్యాదు ఇచ్చిందెవరు? చూసిన సాక్షులెవరు? అది తేలకుండా శిక్షెలా వేస్తారు?"

"ఫిర్యాదు ఇచ్చిందీ నువ్వే, సాక్ష్యం చెప్పిందీ నువ్వే," అంది ఐరావతమ్మ. "ఇంత పద్ధతిగా వచ్చిన ఫిర్యాదు నేనెప్పుడూ చూడలేదు."

పసివాళ్ళ దెబ్బలు తెలిసీ దాచినవాడు, కొట్టినవాడికి కర్ర అందించినవాడే.