గుట్టమీద పాతిందంతా ఉడతదే

నల్లగుట్ట అడవిలో రెండు పన్నులు. వానాకాలానికి ఎవరు ఏ తిండి దాచుకున్నా, గుట్టకు పెద్ద అయిన ఎలుగుబంటికి ఒక వాటా, అడవి మొత్తానికి రాజైన సింహానికి ఒక వాటా ఇచ్చుకోవాలి. రెండూ వసూలు చేసేది మాత్రం ఒక్క నక్కే. ఇద్దరికీ నమ్మకస్తుడు మరి, ఏం చేస్తాం!

ఆ గుట్టమీద ఇప్పచెట్టు తొర్రలో చారలమ్మ అనే ఉడత ఉండేది. ఇంకా కళ్ళు తెరవని పిల్లలు, తొర్రలో కాసిని గింజలు, అదీ ఆమె సంసారం. గింజ దొరికితే చాలు, ఎక్కడపడితే అక్కడ పాతిపెట్టేది. పాతినవాటిలో సగం మరిచిపోయేది. ఉడతలందరికీ ఉన్న అలవాటే, ఆ తల్లి ఒక్కదాన్ని అని లాభం లేదు.

ఓ పూట నక్క తొర్ర కిందికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఏమమ్మా, దాచిందంతా చూపించావా?"

"చూపించాను నక్కగారూ. ఈ తొర్రలో ఉన్నవే."

"మరి బయట పాతినవో?"

"అవి ఎక్కడ పాతానో నాకే గుర్తులేదండీ."

పాపం, ఉన్నమాట చెప్పింది. ఆ మాటే కొంప ముంచింది. నక్క తిన్నగా ఎలుగుబంటి దగ్గరికి పోయి, "ఎక్కడ పాతిందో ఆవిడకే తెలియదట. కాబట్టి ఈ గుట్టమీద పాతింది ఏదైనా సరే ఉడతదే అని తేల్చేయండి" అన్నాడు. ఎలుగు ధ్యాసంతా చేతిలోని తేనెపట్టు మీదుంది. సగం విని తలూపేశాడు. ఇంకేముంది, గుట్టంతటికీ కలిపి చారలమ్మ మీద పన్ను పడింది. వానలు మొదలయ్యేలోగా కట్టకపోతే తొర్ర జప్తు.

కళ్ళు తెరవని పిల్లల్ని నోట కరుచుకుని వానలో ఎక్కడికి పోతుంది? ఏడ్చి ఏడ్చి, చివరికి పెంకుల పెద్దమ్మ గడప తొక్కింది. పెంకుల పెద్దమ్మ అంటే అలుగు. పుట్టలు తవ్వి చీమలు తిని బతికే ప్రాణి. నోట్లో ఒక్క పన్ను లేదు గాని, మాట మాత్రం మహా గట్టిది. రాజుగారి ముందు నోరు పెగలనివాళ్ళ తరఫున వాదించేది ఆవిడే.

అంతా విని అలుగు, "గుర్తులేదని ఎందుకన్నావే పిచ్చిదానా?" అంది.

"నిజంగానే గుర్తులేదు పెద్దమ్మా."

"సరేలే. గుట్టమీద పాతిందంతా నీదేనన్నాడా? 'అంతా' అనే అన్నాడా?"

"అదే అన్నాడు."

అలుగు కాసేపు ముక్కు గోక్కుంది. "చీమల కోసం ఈ గుట్టలో నేను తవ్వని చోటు లేదు. ఏ మట్టి కింద ఏముందో నాకు తెలుసు. రాజుగారి ముందు నేనేమన్నా నువ్వు మధ్యలో నోరు విప్పకు. పిల్లలకు పాలిచ్చి, నిశ్చింతగా పడుకో."

ఎన్నాళ్ళకో చారలమ్మ ఆ పూట కడుపునిండా తిన్నది.

పన్ను లెక్కలు చూసుకోవడానికి సింహం గుట్టమీదికి వచ్చిన రోజు అందరూ పోగయ్యారు. అలుగు మెల్లగా ముందుకొచ్చి, "ప్రభూ, ఎలుగుగారి తీర్పుకు మేం ఒప్పుకుంటున్నాం" అంది.

చారలమ్మ ఉలిక్కిపడి అలుగు వైపు చూసింది. పెద్దమ్మ కూడా వాళ్ళతో కలిసిపోయిందా ఏమిటి అనుకుంది. అయినా పెద్దమ్మ చెప్పినట్టే నోరు మెదపలేదు.

"ఇక్కడ పాతిందంతా ఉడతదేనని నక్కగారు ప్రభువుల ముందు ఇంకోసారి అంటే చాలు" అంది అలుగు.

"అంటాను, నాకేం భయం?" అన్నాడు నక్క. "ప్రతిదీ ఆవిడదే. ఒక్కటి కూడా మినహాయింపు లేదు."

"మంచిది. అయితే తవ్వించి పన్ను ఇప్పుడే కట్టేస్తాం. ఆ పరికి పొద దగ్గర మొదలుపెట్టండి."

నక్క తోక కిందికి దిగింది. "అక్కడెందుకు? అన్నీ రాళ్ళే."

అడవిపంది ముట్టెతో రెండుసార్లు కుమ్మేసరికి దుప్పి తొడ బయటపడింది. దాని కింద ఇంకోటి. ఆ కింద కుందేళ్ళు. రాజుగారికి ఏనాడూ వాటా అందని వేట అంతా అక్కడే ఉంది.

సింహం చారలమ్మ వైపు చూసి, "దుప్పిని నువ్వు కొట్టావటమ్మా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు.

"నక్కగారి మాట ప్రకారం ఇది మా ఉడతదే ప్రభూ" అంది అలుగు. "మీ వాటా, ఎలుగుగారి వాటా తీసుకోండి. మా అమ్మాయి మాంసం ముట్టదు. మిగిలింది దుమ్ములగొండికి ఇచ్చేస్తాం."

దుమ్ములగొండి లొట్టలేసుకుంటూ వచ్చి పెద్ద తొడ పట్టుకుంది. అది చూసి నక్క ప్రాణం ఉసూరుమంది. "వదులు, వదులు! అది నేను పండక్కని దాచుకున్నది" అనేశాడు.

అందరి తలలూ నక్క వైపు తిరిగాయి.

"అయితే గుట్టమీద పాతిందంతా ఉడతది కాదన్నమాట" అంది అలుగు నెమ్మదిగా.

ఎలుగుబంటి సిగ్గుపడి తన తీర్పు తానే కొట్టేశాడు. సింహం కూడా చారలమ్మ మీద పడ్డ తన పన్ను రద్దు చేశాడు. నక్క దాచిందంతా తవ్వి తీయమని, ఇన్నేళ్ళ బాకీ వాడిచేతే కక్కించమని ఆజ్ఞ ఇచ్చాడు.

చారలమ్మ పరుగున పోయి అలుగు పాదాల మీద పడింది. "నేనొక్కదాన్నే అయితే ఈపాటికి రోడ్డున పడేదాన్ని పెద్దమ్మా. నీ రుణం ఎలా తీర్చుకోను? పిల్లలు కళ్ళు తెరవగానే ముందు నిన్నే చూపిస్తాను" అంది. ఏరికోరి తెచ్చిన గింజలు ఆవిడ ముందు పోసింది. పళ్ళు లేని అలుగు ఆ గింజల్ని ఏం చేసుకుంటుంది? అయినా వద్దనలేదు. ఒక్కొక్కటీ చేత్తో తీసి మురిసిపోతూ చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే అలుగు బొరియ ముందు నక్క చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెద్దమ్మా, బాకీ మరీ ఎక్కువేశారు. నా తరఫున కూడా రాజుగారితో ఒక్క మాట..."

"వాదించేదాన్నే నాయనా" అంది అలుగు లోపలి నుంచి. "కానీ ఎలుగు కూడా నీ మీద ఫిర్యాదు పెట్టాడు. నీకంటే ముందే వచ్చి, తన తరఫున వాదించమని నన్ను మాట్లాడుకుపోయాడు."

నీతి: పన్ను అన్యాయంగా పడితే బెదిరిపోయి గూడు వదులుకోకు, నీ తరఫున నిలబడి మాట్లాడేవారిని వెతుక్కో, వాళ్ళ మేలు మరిచిపోకు.