పైడమ్మ నడుమెత్తు గట్టు

చురకల వారింట్లో ముగ్గురే మనుషులు. గవరయ్య, అతని పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు అప్పన్న. తమ తెలివి మీద ముగ్గురికీ ఎంత గురి అంటే, బీరువాకి తాళం వేసుకోరు గానీ గడప దాటితే తలకి తువ్వాలు చుట్టుకోకుండా ఉండరు. "సొమ్ము పోతే సంపాదించుకోవచ్చు. తెలివి కారిపోతే ఎక్కడ ఏరుకుంటాం?" అనేవాడు గవరయ్య.

అంత తెలివున్న ఇంట్లోనూ పైడమ్మకి ఒక బాధ ఉంది. ఇరవై ఏళ్ళుగా పీట మీద కూర్చుని వండీ వండీ మోకాళ్ళు అరిగిపోయాయి. లేస్తే కటకట, కూర్చుంటే కటకట.

"నిలబడి వండుకునే గట్టు కట్టించండి. లేదంటే వచ్చే నెల నుంచి మీరే వండుకోండి" అని తేల్చి చెప్పేసింది.

తమ వంట తామే తినాలనేసరికి అన్నదమ్ములకి ముచ్చెమటలు పోశాయి. పరుగున పోయి సింహాద్రి మేస్త్రీ కాళ్ళమీద పడ్డారు.

"తొందరపడితే ఎలా బాబూ? ముందు వంటగది కొలతలు తీసి రేపు నాకు పంపండి" అన్నాడు మేస్త్రీ.

ఇంట్లో టేపు లేదు. అప్పన్న ఉన్నాడు. అంతే, అతన్ని నేలమీద పడుకోబెట్టి కొలిచారు. పొడవు రెండు అప్పన్నలు. వెడల్పు ఒక అప్పన్న, పైన ఒక మూర. తెల్లారగానే అప్పన్న వెళ్ళి మేస్త్రీ వాకిట్లో వెల్లకిలా పడుకున్నాడు. "కొలత వచ్చింది మేస్త్రీ, చూసుకో!" పాపం మేస్త్రీ అతని మీద టేపు పరిచి రాసుకున్నాడు.

"సరే. ఇక ఏడాదిగా వంటగదిలో వాడనివన్నీ బయట పెట్టేయండి. గది ఖాళీగా ఉంటేనే పని సాగుతుంది" అన్నాడు.

పగిలిన జాడీ బయటికి వెళ్ళింది. చిల్లు గుండిగ వెళ్ళింది. పిడి ఊడిన అట్లకాడ వెళ్ళింది.

"ఇంకేమైనా ఉందేటి?" అన్నాడు గవరయ్య.

పైడమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వున్నావుగా. ఏడాదిలో ఒక్క గరిటైనా తిప్పావా?"

గవరయ్య వేళ్ళు మడిచి ఆలోచించాడు. నిజమే, తిప్పలేదు. నిజాయితీపరుడు కాబట్టి వెళ్ళి గుండిగ పక్కన కూర్చున్నాడు. అంతలో పాత సామాన్లకి ఉల్లిపాయలిచ్చేవాడు బండి తోసుకుంటూ వచ్చాడు. "మొత్తం తీసుకెళ్ళు" అన్నాడు అప్పన్న. ఇంకేముంది, గుండిగ వెనకే గవరయ్యా బండెక్కాడు.

ఉల్లిపాయలు తరుగుతుంటే పైడమ్మకి కళ్ళంట నీళ్ళొచ్చాయి. నీళ్ళొచ్చాక మొగుడు గుర్తొచ్చాడు. మిగిలిన ఉల్లిపాయలు ఒళ్ళో పోసుకుని వీధి చివరిదాకా కుంటుకుంటూ పోయి అతన్ని విడిపించుకుంది. తరిగేసిన రెండు ఉల్లిపాయలకి బదులు గవరయ్య చెప్పులు ఆ బండిలోనే ఉండిపోయాయి.

మర్నాడు మేస్త్రీ అసలు సంగతి చెప్పాడు. "గట్టు ఎత్తు వండే మనిషి నడుము దాకా ఉండాలి. గోడమీద గీత గీసి ఉంచండి. ఎల్లుండొచ్చి కడతాను."

"నువ్వు ఎలా వండుతావో అలాగే ఉండు వదినా" అన్నాడు అప్పన్న. పైడమ్మ పీట మీద కూర్చుంది. ఆమె నడుము ఎక్కడికొచ్చిందో అక్కడ గవరయ్య గీత గీశాడు. నేలకి జానెడెత్తు. గీత ఉంది, మేస్త్రీ ముందే దింపించిన సిమెంటు ఉంది, ఇక మేస్త్రీ దేనికని అన్నదమ్ములిద్దరే గట్టు కట్టేసి మీసాలు దువ్వుకున్నారు.

చెప్పిన రోజుకి మేస్త్రీ వచ్చి చూశాడు. "ఇది గట్టా, గడపా? పడగొట్టి మళ్ళీ కట్టాలి!"

పైడమ్మ ముఖం చిన్నబోయింది. మళ్ళీ పీటే గతి అనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెని అలా చూసి గవరయ్య పక్కనే చతికిలబడ్డాడు.

"ఏడవకే. గట్టు పైకి రాకపోతే నేల కిందికి పోదా?" అన్నాడు.

అంతే, మేస్త్రీ అటు వెళ్ళగానే గునపాలు తీశారు. గట్టు ముందు గుంట తవ్వి, పైడమ్మని చెరో రెక్కా పట్టుకుని అందులో దించారు. గట్టు సరిగ్గా ఆమె నడుము దగ్గరికొచ్చింది. పైడమ్మ ఆనందం పట్టలేక అప్పటికప్పుడు పప్పు పొయ్యి మీద పెట్టింది.

మర్నాడు పొద్దున్నే కూడా ఆమెని గుంటలో దించి, అప్పన్న వీధిలోకొచ్చేసరికి మేస్త్రీ సైకిల్ మీద పోతున్నాడు. అప్పన్న గొప్పగా గుంట సంగతి చెప్పాడు.

"వంటగదిలో గుంటేటయ్యా! ఎవరైనా పడితే కాళ్ళు విరుగుతాయి. నేను ఇసుక తెచ్చేలోగా పూడ్చేయండి!" అని కేకలేసి మేస్త్రీ వెళ్ళిపోయాడు.

అప్పన్న లోపలికొచ్చి చెప్పాడు. "మరి మీ వదినో?" అన్నాడు గవరయ్య.

"మేస్త్రీ పూడ్చమన్నాడు గానీ వదినని తియ్యమనలేదు అన్నా."

"పప్పులో మట్టి పడకుండా చూడండి" అంది పైడమ్మ గిన్నె మీద మూత పెడుతూ.

ఇసుకతో మేస్త్రీ వచ్చేసరికి పైడమ్మ నడుము దాకా నేలలో పాతుకుపోయి పప్పు ఎనుపుతోంది. ముఖం వెలిగిపోతోంది.

"రా మేస్త్రీ! నిలబడే వండుతున్నాను. మోకాళ్ళు వంగమన్నా వంగడం లేదు!"

మేస్త్రీ గబగబా పార అందుకున్నాడు. గవరయ్య పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నీకేమైనా మతిపోయిందా మేస్త్రీ? తవ్వితే మళ్ళీ గుంట పడదూ? ఎవరైనా పడితే కాళ్ళు విరుగుతాయి!"