నలుగురూ చేయని పని

అమ్మలారా, అయ్యలారా, ఆ నరసింహస్వామిని తలచుకుని మొదలుపెడుతున్నాను, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. పెద్ద ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలేవాడు ప్రచండభూపతి. ఆయనకు తన మీసం మీద కంటే, తన సింహాసనం మీద కంటే, తాను స్వయంగా రాసిన శాసనం మీద మక్కువ ఎక్కువ.

దాన్ని కోటగుమ్మం ముందు రాతిమీద చెక్కించాడు. "నలుగురూ చేయని పని చేసినవారి చెయ్యి నరకవలెను. నలుగురు ముందుకు వచ్చి తప్పని పలికిన నేరము రుజువైనట్లే."

ఊరికి భయం పట్టుకుంది. ఎడమచేతివాటం వాళ్ళు ఆ చేతిని నడుముకు కట్టేసుకున్నారు. పొరుగుదేశం నుంచి వలస వచ్చిన నేతగాళ్ళు తమ యాస ఎవరి చెవిన పడుతుందోనని పిల్లలకు జోలపాట పాడటం కూడా మానేశారు. రాజుగారి బావమరిది మాత్రం మోకాళ్ళదాకా ముత్యాల పేటలు వేలాడేసుకుని తిరిగేవాడు. అతణ్ణి తప్పు పట్టడానికి నలుగురు ఎన్నడూ దొరకలేదు. పేదవాళ్ళ మీదయితే పిలవకుండానే వచ్చేవారు.

ఒకనాడు నూకాలు అనే పడవవాడి భార్యను తాళ్ళు కట్టి సభకు తెచ్చారు. మొగుడు జ్వరంతో మంచం పడితే ఆమె పడవ నడిపింది. ఆడది తెడ్డు పట్టడం ఆ రాజ్యంలో ఎవరూ ఎరగరు. తలారి కత్తి పట్టుకుని కొయ్యమొద్దు పక్కన నిలబడ్డాడు.

ఆ మొద్దు ముందున్న మనిషిని ఆస్థాన విదూషకుడు కూచన గుర్తుపట్టాడు. నిన్నటి గాలివానలో అతను ఏరు దాటింది ఆ పడవలోనే. సుడిలోంచి ఒడ్డుకు లాగింది ఆ చేతులే.

"ఏమే, తెడ్డు పట్టావా?" అన్నాడు రాజు.

"పట్టాను దొరా. అవతలి రేవులో జనం కేకలేస్తన్నారు. మా ఆయన లేవలేడు."

"నలుగురు ఆడవాళ్ళు చేసే పనేనా అది?"

"నలుగురు ఆడోళ్ళకి పడవలుంటే గదా దొరా."

సభలో ఎవరికో నవ్వు వచ్చింది గానీ దగ్గుగా మార్చేసుకున్నాడు. రాజు కళ్ళు ఎర్రబడ్డాయి.

కూచన లేచాడు. ఎలా లేచాడో అతనికే తెలియదు. స్వామీ, నువ్వే దిక్కని లోపల అనుకుంటూనే ఉన్నాడు. "ప్రభూ, శాసనంలో అక్షరం పొల్లుపోకుండా జరిపించమని మనవి. ముందు నలుగురు రావాలి కదా."

"సభ నిండా ఉన్నారు. రమ్మను," అన్నాడు రాజు.

బావమరిది ముత్యాలు సర్దుకుని కాలు ఎత్తాడు.

"ఒక్క మాట బాబుగారూ," అన్నాడు కూచన. "మొదటి అడుగు వేసేవారు ఒక్కరే అవుతారు. నలుగురూ కదలకుండా ఉండగా తమరొక్కరే కదిలితే, అది నలుగురూ చేయని పనే అవుతుందేమో. కత్తి ఎలాగూ సిద్ధంగానే ఉంది."

ఎత్తిన కాలు గాలిలోనే ఆగింది. చప్పుడు కాకుండా వెనక్కి దిగింది.

రాజగురువు గడ్డం నిమురుకున్నాడు. "ఇదేం చిక్కు మహారాజా. నలుగురం వరుసగా నిలబడి ఒకేసారి అడుగు వేస్తాం."

ఈ సంగతి కూచనకు తట్టనే లేదు. నూకాలు తన చేతుల వంక చూసుకుంది. తలారి కత్తి మీద దుమ్ము తుడిచాడు.

గురువు, బావమరిది, సేనాపతి, కోశాధికారి వరుసగా నిలబడ్డారు.

"ఊఁ, వేయండి," అన్నాడు రాజు.

ఎవరూ వేయలేదు. ఎవరికి వారు ఓరకంట పక్కవాడి కాలు చూస్తున్నారు.

"వేయమన్నాం."

కాలివేళ్ళు కదిలాయి. మడమలు కదల్లేదు.

"ఏం గురువుగారూ?"

"సేనాపతిగారు వేస్తారేమోనని చూస్తున్నాను మహారాజా."

"నేను కోశాధికారిగారి కాలు చూస్తున్నాను ప్రభూ," అన్నాడు సేనాపతి.

"నేను బాబుగారిది," అన్నాడు కోశాధికారి.

బావమరిది చెమట తుడుచుకున్నాడు. "నేను వేసి, వీళ్ళు వేయకపోతే నా చెయ్యి ఏంకాను బావా?"

రాజు ముందుకు వంగాడు. "అది సరే. ఆమె చేసింది తప్పని మీలో ఎవరికనిపించింది?"

"నాకని కాదు ప్రభూ," అన్నాడు కోశాధికారి నెమ్మదిగా. "నలుగురూ ఏమైనా అనుకుంటారేమోనని..."

"మీరే కదయ్యా ఆ నలుగురూ," అన్నాడు రాజు.

అన్నాక ఆ మాట ఆయన చెవికే తగిలింది. తరవాత నవ్వు మొదలైంది. కిరీటం పక్కకు ఒరిగేలా, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. కానీ ఆయన ఒక్కడే నవ్వుతున్నాడు. నలుగురూ నవ్వకుండా తాము నవ్వడమెలాగని సభంతా బిగుసుకుపోయి ఉంది.

అప్పుడు తాళ్ళలో ఉన్న నూకాలు పకపకా నవ్వింది. ఆ వెనక సభ సభంతా నవ్వింది.

రాజు ఆమె కట్లు విప్పించాడు. శాసనం రాయి పెకలించి రేవులో మెట్టుగా వేయించాడు. కూచనను దగ్గరికి పిలిచి తన బంగారు కంకణం తీశాడు. పాపం, కూచన చెయ్యి ఇంకా గడగడా వణుకుతూనే ఉంది. కంకణం తొడగడానికి ప్రభువుకు చాలాసేపు పట్టింది.