రుచి చూసిన చేను

అడగడమూ వద్దనడమూ ఒకటేనా పిల్లలూ? ఆలోచిస్తూ వినండి.

పూర్వం ఒక రాజ్యంలో ఆస్థాన పండితులు కొర్రగింజ గుణమే మార్చి, పురుగు పట్టని కొత్త విత్తనం తయారుచేశారు. మంత్రి విశ్వంభరుడు దాన్ని బండ్లకెత్తించుకుని ఓబులమ్మ అనే రైతు ఉండే ఊరికొచ్చాడు.

"ఊరంతా ఇదే చల్లండి. పాత విత్తనం తగలబెట్టండి" అన్నాడు.

ఓబులమ్మ ముందుకొచ్చింది. కొత్తది పండకపోతే మళ్లీ విత్తడానికి ఊళ్లో గింజ మిగలదు. "ఇది మా నేలకు పడుతుందా సామీ?" అని అడిగింది.

"రాజుగారి విత్తనాన్నే శంకిస్తావా?" అని మంత్రి కసిరాడు.

ఆమె ఆయన్ను తన ఇంటికి పిలిచి భోజనం వడ్డించింది. మంత్రి విస్తరి ముట్టలేదు. వెంట వచ్చిన సేవకుడు ముందుగా ఓ ముద్ద తిన్నాడు. అతనికేమీ కాలేదని చూశాకే మంత్రి అన్నం కలిపాడు.

"నా వంట మీద అనుమానమా సామీ?"

"అనుమానం కాదమ్మా, పద్ధతి. నాకేమైనా అయితే రాజ్యమేం కావాలి? ఇంట్లో మా ఆవిడ వండినా ఇంతే."

"మరి మా ఊరికేమైనా అయితే? మీకోసం ఒక మనిషి రుచి చూశాడు. మాకోసం ఒక చేను రుచి చూస్తుంది, నా చేనే ఇస్తాను. పంట చేతికొచ్చి మేం తిని చూశాక మిగతావాళ్లు చల్లుతారు. అందాకా పాత గింజ గాదెలోనే ఉంటుంది."

సేవకుడు రుచి చూసిన అన్నమే తింటూ మంత్రి కాదనడమెలా? సరేనని తలూపాడు.

ఇంతకీ ఆ విత్తనం మంచిదేనా అంటారా? అది చేను చెప్పాల్సిన మాట, నేను చెప్పకూడదు. సగం రుబ్బిన పప్పు రోట్లోనే ఉంది, వెళ్లొస్తాను.