ఓబుళవ్వ తెడ్డు

మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పేనాటికే పాతబడిపోయిన సంగతి ఇది. ఊఁ కొడుతూ వినండి. మీ ఊఁ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగా అనగా ఎర్రగుట్టల నడుమ ఏడు ఊళ్ల పాలెం ఒకటి ఉండేది. దాన్ని తిమ్మప్ప నాయుడనే పాలెగాడు ఏలేవాడు. మనిషి మంచివాడే, కాకపోతే ఎవరు ఏం చెప్పినా "అదీ నిజమే" అనేవాడు. ఆయన కోట వంటింట్లో పాత్రలు తోమే ముసలామె పేరు ఓబుళవ్వ. కొడుకూ కోడలూ పశువులకు మేత వెతుక్కుంటూ తూర్పు దిక్కు పోయి మళ్లీ రాలేదు. ఆమెకంటూ మిగిలింది ఎనిమిదేళ్ల మనవరాలు చౌడి ఒక్కతే.

ఒక ఏడు వాన పడలేదు. రెండో ఏడూ పడలేదు. మూడో ఏడూ పడలేదు. బావిలో బొక్కెన దించితే రాతికి తగిలిన చప్పుడే పైకొచ్చేది. నాయుడు మనసు కరిగి కోటలోని జొన్న గాదెలు తెరిపించాడు. రోజూ పొద్దున్నే కోట వాకిట పెద్ద గంగాళం నిండా అంబలి కాచమన్నాడు. ఏడు ఊళ్లవాళ్లూ వచ్చి తాగిపొమ్మన్నాడు. గంగాళం చూస్తే ఒకటే, నోళ్లు చూస్తే వేలు. ఎవరికి ముందు పొయ్యాలి, ఎవరికి ఎంత పొయ్యాలి? అది తేలక తన ముగ్గురు మంత్రుల్నీ పిలిపించాడు.

పెద్ద మంత్రి మీసం సర్దుకుని, తాతలనాటి పద్ధతి ఉండగా కొత్తది ఎందుకన్నాడు. పెద్ద ఇళ్లవాళ్లకు ముందు, తర్వాత వాళ్ల కింది వాళ్లకు, ఆ తర్వాత మిగిలినవాళ్లకు. ఎవరి చోటు వాళ్లకు తెలిసినంతకాలం సీమ చల్లగా ఉంటుందన్నాడు.

నడిపి మంత్రి దానికి ఒప్పుకోలేదు. ఊరికే పోస్తే జనం సోమరులైపోతారు, ఎండిన చెరువులో మట్టి తవ్వించండి, ఎన్ని తట్టలు మోస్తే అంత అంబలి పొయ్యండి, ఎవడి రెక్కల కష్టం వాడిదేనన్నాడు.

చిన్న మంత్రి ఇద్దరినీ చూసి తల పట్టుకున్నాడు. ఆకలికి ఇంటి పేరు ఉందా, ఆకలికి తట్టల లెక్క ఉందా అని అడిగాడు. మనిషికి ఒక గరిటె, ఎవరైనా సరే ఒకటే గరిటె అన్నాడు.

నాయుడు ముగ్గురి మాటా విని ముగ్గురితోనూ "అదీ నిజమే" అన్నాడు. ఒక్కొక్కరికి పది రోజులిచ్చాడు.

పెద్ద మంత్రి పది రోజుల్లో పెద్ద ఇళ్లవాళ్లు వచ్చినప్పుడు వడ్డించేవాడి గరిటె గంగాళం లోతుకు పోయేది. మిగిలినవాళ్లు వచ్చినప్పుడు పైపైన తేలేది. అంబలి సంగతి మీకు తెలుసు కదా, కాసేపు కదపకుండా ఉంచితే చిక్కదనమంతా అడుక్కి దిగుతుంది, పైన తేట నీళ్లే మిగులుతాయి. వరుస చివర ముసలీ ముతకా ఆ నీళ్లు తాగి గోడకు చేరగిలబడ్డారు.

నడిపి మంత్రి పది రోజుల్లో కండ ఉన్నవాడు తవ్వాడు, తిన్నాడు, తిని ఇంకా తవ్వాడు. కండ లేనివాడు తవ్వలేక తినలేదు, తినలేక తవ్వలేదు. పదో రోజుకు చెరువులో పలుగు పట్టినవాళ్ల కంటే గట్టుమీద పడుకున్నవాళ్లే ఎక్కువయ్యారు.

ఇక చిన్న మంత్రి వంతు వచ్చింది. మనిషికి ఒక గరిటె అనగానే ఏడు ఊళ్లూ చేతులెత్తి దండం పెట్టాయి. రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజుకు జనానికి సంగతి అర్థమైంది. ముందు నిలబడినవాడికి పైన నీళ్లు, వెనక నిలబడినవాడికి అడుగున చిక్కటి అంబలి. ఇంకేముంది, ముందు నిలబడేవాడే లేకపోయాడు. పొద్దున్నే వచ్చినవాళ్లు గోడ నీడన చేరి "నువ్వు పదన్నా", "అయ్యో, నువ్వే పదన్నా" అని ఒకరికొకరు మర్యాదలు చేసుకోవడం మొదలుపెట్టారు. అంత మర్యాద ఆ సీమలో అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. మధ్యాహ్నమైంది. గంగాళం నిండా అంబలి చల్లారిపోయింది. ఒక్కరూ ముందుకు రాలేదు.

నాయుడికి ఒళ్లు మండింది. వీళ్లకు ఆకలే లేదు, రేపటి నుంచి పొయ్యి వెలిగించొద్దు, గాదెలకు తాళం వెయ్యండి అన్నాడు.

ఆ మాట పాత్ర తోమడానికి వచ్చి నిలబడ్డ ఓబుళవ్వ చెవిన పడింది. ఆమెకు చౌడి ముఖం కళ్ల ముందు మెదిలింది. గంగాళం తోమే మనిషికి తెలియంది ఏముంటుంది చెప్పండి? ఇన్ని రోజులుగా దాని అడుగు చూస్తున్నది ఆమె ఒక్కతే. మంత్రులు చూసింది పైన తేలే తేటనే. కోటలో అప్పటిదాకా నోరు విప్పని మనిషి, ఆ రోజు ముందుకొచ్చింది.

"సామీ, గరిటె ఒకటే. అడుగూ పైనా ఒకటి కాదు" అంది.

అని ఊరుకోలేదు. తనకంటే పొడవున్న తెడ్డు తీసుకుని అడుగుదాకా దించి మూడుసార్లు తిప్పింది. ఒక గరిటె పోసింది. మళ్లీ మూడు తిప్పులు, ఒక గరిటె. మళ్లీ మూడు తిప్పులు, ఒక గరిటె. ముందున్నవాడి ముంతలోనూ వెనకున్నవాడి ముంతలోనూ ఒకే అంబలి పడింది. పొద్దు వాలేసరికి ఏడు ఊళ్లూ తాగి లేచాయి. నాయుడు తాళం మాట మానేసి, గరిటె ఇక నీ చేతిలోనే ఉండనీ అన్నాడు.

మంత్రులకు మింగుడు పడలేదు. ఇది ఏ పద్ధతి, దీనికి పేరేమిటని అడిగారు.

"పేరు నాకు తెలీదు సామీ. మీ ముగ్గురివీ మంచి మాటలే. కలపకపోతే మాత్రం ఏ పద్ధతిలోనైనా పైన నీళ్లే" అంది ఓబుళవ్వ.

అట్లా నెలలు గడిచాయి. కరువు కరువే. అయినా ఆ వరుసను మా పెద్దలు ఎంత ముద్దుగా తలుచుకునేవారో. పెద్దింటి ఆమె పక్కన చెప్పులు కుట్టేవాడు, అతని వెనక అయ్యవారు, అయ్యవారి వెనక గొర్రెల కాపరి. పొగ వాసన, తెడ్డు గంగాళానికి తగిలే చప్పుడు, ఒకరి ఇంటి కబురు ఇంకొకరికి. కడుపు నిండిన రోజుల్లో అట్లా కలిసి నిలబడలేదర్రా అని మా అవ్వ కళ్లు తుడుచుకునేది.

ఇంతలో చౌడికి జ్వరం వచ్చింది. పిల్ల ఎండుపుల్లలా అయిపోయింది. ఒకనాడు తూలుకుంటూ వరుసలో వచ్చి ముంత చాపింది. ఓబుళవ్వ పిల్లను చూసింది. తెడ్డు తిప్పలేదు. గరిటె నేరుగా అడుక్కి దించి, ముద్దలాంటి చిక్కటి అంబలి తీసి మనవరాలి ముంతలో పోసింది.

చౌడి వెనక నిలబడింది మగ్గం నేసే ఈరన్న. ఆయన చూశాడు. ఏమీ అనలేదు. తన ముంత చాపి అట్లాగే నిలబడ్డాడు. నాలుగు మాటలు తిట్టి ఉంటే ఆమె తట్టుకునేదేమో. ఆ మౌనం తట్టుకోలేకపోయింది. గరిటె కింద పెట్టి వరుసంతా వినేట్టు చెప్పింది.

"నా చెయ్యి తప్పింది. నా మనవరాలికి అడుగునుంచి తీసినాను. ఈ గరిటె ఇంక నేను పట్టను."

వరుసలో గుసగుసలు లేచాయి. పోనీలే, జ్వరపు పిల్ల కదా అన్నారు కొందరు. మా పిల్లలకు మాత్రం జ్వరాలు రాలేదా అన్నారు ఇంకొందరు. చివరికి ఈరన్నే నోరు తెరిచాడు.

"నువ్వు చెప్పకుంటే నాకు తప్ప ఎవురికీ తెలిసేది గాదవ్వా. చెప్పినావు గదా, నువ్వే పట్టాల" అన్నాడు.

"రేపు మళ్లీ తప్పితే?"

అని అడిగి, దానికి దారీ ఆమే చెప్పింది. నా పిల్లకు నా చేత్తో పొయ్యను, ఈరన్నా, నువ్వు పొయ్యి అంది. నేను అందరూ తాగినాక తాగుతాను అంది. నా చెయ్యి ఎక్కడ దిగుతుందో అందరికీ కనబడాలని గంగాళాన్ని గోడ నీడనుంచి వాకిలి నడుమకు, ఎండలోకి జరిపించింది. ఆనాటి నుంచి చౌడికి ఈరన్న పోశాడు. మూడు తిప్పులు, ఒక గరిటె. అందరితో సమానంగా, చుక్క ఎక్కువ కాదు, చుక్క తక్కువ కాదు. పిల్ల మెల్లగా కోలుకుంది.

ఈ వాకిట అంబలి సరిగ్గా పోస్తారన్న మాట ఎర్రగుట్టలు దాటింది. పక్క సీమలవాళ్లూ వచ్చి వరుసలో నిలబడ్డారు. గంగాళం మాత్రం పెరగలేదు. ఓబుళవ్వ ఎవరినీ పొమ్మనలేదు.

"తిన్నావా అవ్వా?" అని ఈరన్న అడిగేవాడు.

"అడుగున ఉందిలే" అనేది.

"తిన్నావా అవ్వా?" అని నాయుడు అడిగేవాడు.

"అడుగున ఉందిలే సామీ."

ఇంటికెళ్లాక చౌడి అడిగేది, తిన్నావా అవ్వా అని. అడుగున ఉండింది, తినే వచ్చినానమ్మా అనేది. అందరూ నమ్మారు. నమ్మడం తేలిక కదా.

ఒకనాడు వరుస ఇంకా సగం ఉండగా ఎర్రగుట్టల మీద మబ్బు పట్టింది. చూస్తుండగానే వాన దిగింది. ముంతలు వదిలేసి జనం వానలోకి పరుగెత్తారు. నవ్వారు, ఏడ్చారు, బురదలో పొర్లారు. చౌడి అవ్వను పిలుద్దామని వెనక్కి తిరిగింది. ఓబుళవ్వ గంగాళానికి చేరగిలి కూర్చుని ఉంది, తెడ్డు ఒళ్లో ఉంది. పిల్ల చెయ్యి పట్టి లాగితే ఆ చెయ్యి అట్లాగే కిందికి జారింది.

ఈరన్న పరుగెత్తుకొచ్చాడు. ఎదురుగా గోడ గూట్లో ఓబుళవ్వ ముంత బోర్లించి ఉంది. ఆమె నోట్లో రెండు చుక్కల నీళ్లు పోయాలని దాన్ని తిప్పి చూశాడు. ముంత లోపల సాలెపురుగు గూడు కట్టి ఉంది. రోజూ ఎదురుగానే ఉన్న ముంత, ఏడు ఊళ్లలో ఒక్కరూ తిప్పి చూడలేదు.

నాయుడు ఆ ముంతను చేతిలోకి తీసుకుని వానలో చాలాసేపు నిలబడ్డాడు. మంత్రులు మాత్రం ఊరుకోలేదు. ఆమెది నా పద్ధతే, వరుస తప్పలేదన్నాడు పెద్దాయన. నాదే, ఒళ్లు దాచుకోకుండా పనిచేసిందన్నాడు నడిపాయన. నాదే, అందరికీ ఒకటే గరిటె అన్నాడు చిన్నాయన. జన్మలో మొదటిసారి నాయుడు "అదీ నిజమే" అనలేదు. ముగ్గురి చేతుల్లోనూ తలా ఒకసారి ఆ తెడ్డు పెట్టి, ముందు కలపండి అన్నాడు.

కోట పోయింది, పాలెగాళ్లు పోయారు. ఏడు ఊళ్లు మాత్రం ఉన్నాయి. ఇప్పటికీ అక్కడ కొత్తగా గెలిచిన సర్పంచి కుర్చీ ఎక్కే ముందు నడివీధిలో, ఎండలో, గంగాళం అంబలి కాస్తారు. గెలిచినవాడు మూడు తిప్పులు తిప్పి ఒక గరిటె చొప్పున ఊరంతటికీ పోస్తాడు. గెలిచినవాడి ఇంటివాళ్లకు మాత్రం ఓడినవాడు పోస్తాడు. ఎవరైనా వేదికెక్కి మా పద్ధతే గొప్పదని గంటసేపు చెబితే, అక్కడి ముసలమ్మలు ఓపిగ్గా చివరిదాకా విని ఒక్కటే అడుగుతారు.

"బాగుంది నాయనా. కలిపినావా?"

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఏడు ఊళ్లలో పెళ్లిలో గానీ, చావులో గానీ, వట్టి ఇంటి భోజనంలో గానీ, వడ్డించిన మనిషిని తిన్నావా అని అడగరు. లేచి వెళ్లి ఆమె కంచం చూస్తారు. కథ గంగాళం అడుక్కి చేరింది. లేవండిక, ఇంట్లో మీ అమ్మ కంచం చూసిరండి.