ముడి తర్వాత జిగురు

కొండగుహలో ఒక ముసలి తాబేలు ఉండేది. అడవిలో ఏ పని ఎలా చెయ్యాలో అంతా దాని బుర్రలోనే ఉంది. అదేమో గుమ్మం దాటి ఎరగదు. అది చెప్పిందల్లా గిజిగాడు పిట్టలు గడ్డితాడు మీద ముడులుగా అల్లేవి. బయటి జంతువులు ఆ ముడులు తడిమి చూసుకుని, ‘ఆపు’ ముడి వచ్చేదాకా పని చేసేవి.

వయసు మీదపడి తాబేలు మాటల్లో పాత ముచ్చట్లు దొర్లేవి (నవ్వకండి, మీకూ వస్తుంది ఆ వయసు). గిజిగాళ్ళు తాడులో ఆ ముచ్చట్లున్న ముక్కలు కత్తిరించేసి, అతికిన ప్రతిచోటా తుమ్మజిగురు చుక్క పెట్టేవి. అతుకులన్నీ అయ్యాకే ‘ఆపు’ ముడి.

గుమ్మం దగ్గర ముంగిస కాపలా. చెడిన తాడు బయటికి పోకూడదు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ కేంద్రకమనే గుహ ఉందనీ, దానికీ ఇలాంటి కాపలా ఉందనీ కాలేజీలో చెప్పారు గానీ, ఇంత సరదాగా చెప్పలేదు. సరే, కథలోకి వద్దాం.

ఆ రోజు మబ్బు కమ్మింది. వరద ఎలుకల బొరియల్లోకి రాకుండా పందులు వాగుదాకా కాలువ తవ్వాలి. బొరియల నిండా కళ్ళు తెరవని పిల్లలు. ఆ తాడు “నేనిచ్చేస్తాలెండి” అని నక్క పుచ్చుకుంది. గుహలోనే ఓ చాటుకెళ్ళి తాడు మధ్యలో ఒక ‘ఆపు’ ముడి వేసింది. కాలువ సగంలో ఆగితే ఎలుకలు బయటికి ఉరకాలి, తను విందు చేసుకోవాలి.

“ఆగు మామా, తాడు చూడాలి,” అంది ముంగిస.

“ఇంకా చూడ్డమేమిటి అల్లుడూ! వాన నెత్తిమీదుంటే!”

ముంగిస తాడు అందుకుంది. ఆలస్యం చేస్తే పిల్లలు మునుగుతాయి. చెడిన తాడుని చూడకుండా వదిలినా మునుగుతాయి. గబగబా తడిమింది. ‘ఆపు’ ముడి తగిలింది.

“అయిపోయిందిగా, ఇక వదులు!”

ముంగిస ఇంకాస్త ముందుకి తడిమింది. జిగురు చుక్కకి పంజా అతుక్కుంది.

“పని ఆగిపోయాక అతుకులెందుకు మామా?”

“అదా... అలంకారానికేమో!”

“అయితే నీ మీసాలకీ కాస్త పూస్తాం, ఉండు.”

గిజిగాళ్ళు పడీపడీ నవ్వాయి. నవ్వుతూనే కొత్త తాడు అల్లాయి. ముంగిస చివరిదాకా తడిమి చూశాక, ఒక గిజిగాడే దాన్ని పందులకి చేరవేసింది.

చెడిన తాడుని సరిచెయ్యడం అక్కడ ఆచారం కాదు. తెచ్చినవాళ్ళే పోచ పోచగా విప్పాలి. ఆ గడ్డితో లోపల ఇంకో తాడు అల్లుకుంటారు. తాడు గుమ్మం దాటకూడదు, మోసం చేసిన నక్కకి ఇక లోపల చోటివ్వరు. అందుకని తల లోపల, తోక వానలో.

“అల్లుడూ, నడుందాకానైనా రానీవోయ్!”

“ముందు ఆ ముడి విప్పు మామా. గట్టిగా వేసింది నువ్వేగా!”

నీళ్ళు బుద్ధిగా కాలువలో పడి వాగులో కలిశాయి. ఎలుకపిల్లలు వెచ్చగా నిద్రపోయాయి.

‘ఆపు’ అన్నచోటే చూపు ఆపేసేవాళ్ళ దగ్గరే మోసం చెల్లుతుంది.